సదానందం తొమ్మిది రికార్డులు

2011 జూన్ 17, శుక్రవారం, సాయంకాలం నాలుగు గంటల పది నిమిషాలు. ధహ్రాన్‌లో నలభై ఆరు డిగ్రీల ఎండ. దానికి తోడు ఉత్తరపు దుమ్ముగాలి. ఆ సమయాన ప్రొద్దుటూరు వాడైన డ్రైవరు మహబూబ్ బాషా గదిలోనికి, కోరుట్ల ప్రాంతపు ఏసీ మెకానిక్కు సదానందం ఒక చేత పరుపుచుట్టతో, మరొక చేత అట్టపెట్టెతో ప్రవేశించాడు. ఏసీ గాలి సూటిగా తగిలే మంచం తనకు ఇమ్మని వినయంగా అడిగాడు. ఎండన పడి వచ్చినవాడు గదా అని బాషా తన మంచమే ఖాళీ చేసి ఇచ్చాడు. సదానందం దానిమీద అట్టపెట్టెను పడుకోబెట్టి, తాను తలుపు వార నేలమీద పడుకున్నాడు. బాషాకు తల తిరగడం ఆనాడే మొదలైంది.

ఆ పెట్టెలో ఉన్నవి అన్నం పళ్లెం కంటె చిన్నవైన, వేడికి వంకరపోయే నల్లని రికార్డులు. అమెరికాలో సోల్ అనే సంగీతం ఇంకా పొత్తిళ్లలో ఉన్న కాలాన పాడిన ఒక నల్లజాతి గాయకునివి. ఒక్కొక్క రికార్డుకు ఒక్కొక్క ముఖ్యమైన పాట. అంగళ్లలో విరివిగా అమ్ముడుపోయి ఆయనకు పేరు తెచ్చినవి మొత్తం తొమ్మిది. ఇంజనీర్ల కాలనీలో ఏసీలు బాగుచేయబోయినప్పుడు, దేశం విడిచిపోయే అమెరికన్లు పారవేయబోయినవాటిని సదానందం ఒక్కొక్కటిగా అడిగి తెచ్చుకున్నాడు, వాటిని తిప్పే యంత్రంతో సహా. ఇంగ్లీషు అక్షరం రాదు. ఒక ముసలి ఇంజనీరు చెప్పిన వరుసలో కవర్లపై తెలుగు అంకెలు వేసి, మెట్లు దిగే పాట, అలిగిన పాట, ఊరు విడిచే పాట అని తన పేర్లు తాను పెట్టుకున్నాడు. నాలుగోది రెండు ప్రతులున్నాయి. ఏడోది లేదు.

అర్థం కాని పాటలు ఎందుకని బాషా ఒకమారు విసిగి అడిగాడు. సదానందం తండ్రి ఒగ్గు కథలు చెప్పినవాడు.

"అర్థమెందుకు భాయ్? గీయన పిలుస్తడు, ఎన్కకెల్లి ఆడోళ్లు జవాబిస్తరు. మా నాయిన కథ జెప్తుంటె వంతలోల్లు అందుకున్నట్టే ఉంటది."

అయితే అదే పాటను దినానికి ఆరుమార్లు వినవలసివచ్చినవానికి జవాబు దొరికినా ఊరట లేదు.

ఇంతలో నితాకత్ వచ్చిపడింది. సౌదీ పౌరులకు తగినన్ని ఉద్యోగాలు ఇవ్వని కంపెనీలను ఎరుపు జాబితాలో చేర్చారు. ఆ కంపెనీల వారికి ఇకామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే అనుమతులు, పొడిగించరు. వీరి కంపెనీ ఎరుపులో పడింది. 2013 నవంబరు 3లోగా పచ్చ జాబితా కంపెనీకి మారనివాడు ఇంటిదారి పట్టవలసిందే. బాషా రాబిగ్‌లో ఒక పచ్చ కంపెనీని పట్టుకుని, తన కాగితాలు మార్పించుకుని, పూచీ పడి సదానందానికి కూడా చోటు సంపాదించాడు. ఆ కంపెనీ, మాకు ఈ మనిషి కావాలని ముద్రవేసి ఇచ్చే కాగితమే తలబ్. అది అక్టోబరు 30న చేతికందింది. పనులు చక్కబెట్టే కంపెనీ మనిషి ఒకటే హెచ్చరిక చేశాడు: మడతపడినా మరకపడినా లేబరు ఆఫీసులో తీసుకోరు, రెండోది ఇవ్వము, ఆఖరి దినమైన ఆదివారం ఉదయం ఏడు గంటలకు అక్కడికి తెండి.

శుక్రవారం పొద్దున బాషా దానిని ఒకసారి చూపమన్నాడు. సదానందం పెట్టె తెరిచాడు. ఇకామా నకలు, కూతురు కావ్య మార్కుల కాగితం, పాస్‌పోర్టు జిరాక్సు, అన్నీ రికార్డుల కవర్లలోనే దాచడం అతని అలవాటు. ఆ కవర్లలో ఏ కాగితమూ నలగదట. ఒక్కొక్క కవరు తీసి చూస్తూ చూస్తూ అతని చేతులు నిలిచిపోయాయి.

"యాడుందన్నా కాగితం?" అన్నాడు బాషా.

"నాలుగో దాంట్ల వెట్టిన భాయ్. మంచి కవరుదాంట్ల. మడత వడద్దని."

"ఆ నాలుగోది యాడ?"

"నిన్న ఆ ముసలి ఇంజనీరు సార్‌కు ఇస్తిని గద. ఆయన బదులు ఏడోదిచ్చిండు."

బాషా చొక్కా తొడుక్కుని బండి తీశాడు. కాలనీ గేటు దగ్గర కాపలావారిని బతిమాలి ఫోను చేయించగా, పక్కింటివారు చెప్పిన సంగతి ఇది: ఇంజనీరు రెండు నెలల సెలవుపై వేకువజామునే విమానమెక్కాడు, పాటల పెట్టె వెంట పట్టుకునే పోయాడు. అతని అమెరికా ఫోను నంబరు అక్కడ ఎవరివద్దా లేదు. రాబిగ్‌కు ఫోను చేస్తే కంపెనీ మనిషి, రెండోది ఇవ్వనని ముందే చెప్పితిని గదా అని పెట్టివేశాడు.

తిరుగు దారిలో సదానందం మెల్లగా నోరు విప్పాడు.

"గది ఒడిసిన ముచ్చటే గాని భాయ్, ఏడోది మాత్రం మస్తున్నది. ఒక్క గీత లేదు."

బాషా బండిని రోడ్డు అంచుకు తీసి ఆపాడు. దిగి, తలుపు మూసి, మండుటెండలో చాలాసేపు నిలబడ్డాడు. మరల ఎక్కినప్పుడు అతని కంఠంలో కోపం మిగలలేదు, అలసట మిగిలింది.

"అన్నా, నేను నీకోసం తిరగని ఆఫీసు లేదు. పట్టుకోని కాళ్లు లేవు. నీకు ఒక్క దినం, ఒక్క కాగితం చేతిలో పెట్టుకోను కాలేదా?"

"చేతుల వెట్టుకుంటె చెమటకు తడుస్తదని," అన్నాడు సదానందం. అన్న తరువాత అతనికీ ఆ మాట ఎలా ఉన్నదో తెలిసి తల వంచుకున్నాడు.

ఆదివారం వారిద్దరూ ఆఫీసుకు పోయారు. కాగితం లేదు గనుక పని కాలేదు.

సదానందం 2013 నవంబరు 9న దమ్మాం నుండి, మరల రానివ్వని ఎగ్జిట్ వీసాపై స్వదేశం వెళ్లాడు. జనవరిలో ఇంజనీరు, తలబ్ తన సామానులో దొరికిందని కబురు పంపాడు. ప్రస్తుతం సదానందానికి కోరుట్లలో ఫ్రిజ్జులు, ఏసీలు బాగుచేసే దుకాణం ఉంది. రికార్డులు తొమ్మిదీ ఉన్నాయి. తిప్పే యంత్రం 2016లో చెడిపోయింది. మహబూబ్ బాషా రాబిగ్ చేరి, 2014లో భార్య ఖుర్షీదాను, ఇద్దరు బిడ్డలను తెచ్చుకున్నాడు. కుటుంబాలపై లెవీ అనే పన్ను మొదలైన 2017లో వారిని ప్రొద్దుటూరు పంపివేశాడు. తాను రాబిగ్‌లోనే బస్సు నడుపుతున్నాడు.