రికార్డు చివర గీసిన మాట

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన వేసవిలో వాట్‌ఫర్డ్‌లోని ఒక చిన్న రికార్డు లేబుల్‌లో ప్రొడక్షన్ కోఆర్డినేటర్‌గా చేరాను. ఎం.ఏ. పూర్తయింది, పాప ఇంకా పుట్టలేదు. జనం మర్చిపోయిన ఫంక్, డిస్కో పాటలకు హక్కుదారుల అనుమతి తీసుకుని మళ్ళీ వినైల్ రికార్డులుగా వేయడం మా వ్యాపారం. యజమాని గ్రాంట్, నేను, పార్సిళ్ళు కట్టే ఇద్దరు, అంతే సిబ్బంది. ఇప్పుడు ఆ లేబుల్ లేదు, నేనూ ఆ వృత్తిలో లేను. మా ఆయనకు హాస్పిటల్ రోటాలో నైట్స్ పడినప్పుడు, పాపను పడుకోబెట్టి కూర్చుంటే ఆ ఆఫీసు గుర్తొస్తుంది. గుర్తొచ్చిన ప్రతిసారీ సిగ్గేస్తుంది.

మా లేబుల్‌కు పేరు తెచ్చింది పాటల ఎంపిక ఒక్కటే కాదు, ఒక మాట. ప్రతి రికార్డూ ఒక్కసారే అచ్చవుతుంది, అయిపోతే మళ్ళీ వేయం. ఆ సంగతి స్లీవ్ వెనక, అంటే రికార్డు పెట్టే అట్టకవరు వెనక, రాసి ఉండేది. డిస్కు మీదా ఉండేది. పాట ముగిశాక సూది ఊరికే తిరిగే ఖాళీ చోట, మొదటి ప్రతిని, అంటే మాస్టర్‌ను, కోసే ఇంజనీరు సన్నని మొనతో 'ఒక్కసారే' అని ఇంగ్లీషులో చేత్తో గీసేవాడు. ఆ మాస్టర్ నుంచి లోహపు అచ్చు తీస్తారు, అచ్చుతో రికార్డులు వత్తుతారు. అందువల్ల అతని చేతిరాత ప్రతి కాపీ మీదా దిగేది. కొన్నవాళ్ళు దాన్ని వెలుతురుకు పట్టి చూసుకుని మురిసిపోయేవారు.

అలా మురిసినవారిలో షెఫీల్డ్ భాస్కర్ అంకుల్ ఒకరు. కాకినాడలో చదివి, ఇక్కడి ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా చేసి రిటైరయ్యారు. మొదటిసారి ఆర్డరు కోసం ఫోన్ చేసినప్పుడు నా పేరు వినగానే తెలుగులోకి దిగిపోయారు. "ఈయన పేషెంట్లకి మత్తిచ్చింది మందుతో కాదమ్మా, ఈ పాటల్తోనే," అని వెనకనుంచి ఆంటీ అనడం వినిపించింది. ఆయన షెఫీల్డ్‌లో ఒక రికార్డు క్లబ్బు నడిపేవారు. మా ప్రతి రికార్డూ సభ్యులందరిచేతా కొనిపించేవారు. అక్కడ మన అమ్మాయి ఉంది, మాట తప్పరు అని పూచీ పడేవారని ఆంటీయే ఒకసారి చెప్పింది.

తర్వాత ఫ్యాక్టరీ రేట్లు పెరిగాయి, అమ్మకాలు తగ్గాయి. కొత్త రికార్డులు గోడౌన్‌లో కదలకుండా పడి ఉన్నాయి. అన్నిటికన్నా బాగా అమ్ముడైన మా డిస్కో రికార్డును మళ్ళీ వేద్దామన్నాడు గ్రాంట్. స్లీవూ వినైల్ రంగూ మారిస్తే అది వేరే ఎడిషన్ అవుతుందని అతని వాదన. ఇచ్చిన మాట సంగతేమిటని అడిగాను. ఇదొక్కటి అమ్ముడైతే లేబుల్ నిలుస్తుందన్నాడు. అప్పుడు నేను కడుపుతో ఉన్నాను, నా మెటర్నిటీ లీవు ఆ లేబుల్ నిలవడం మీదే ఆధారపడి ఉంది. 'సరికొత్త ఎడిషన్' అంటూ ప్రకటన నేనే రాశాను.

మాస్టర్ కొత్తగా కోయించే స్తోమత లేక పాత అచ్చులే వాడాం. మొత్తం వత్తేముందు ఫ్యాక్టరీ టెస్ట్ ప్రెస్సింగ్ అని కొన్ని కాపీలు పంపుతుంది. లోపాలు అప్పుడే పట్టుకోవాలి. అది నా బాధ్యత. రెండు వైపులా పూర్తిగా విన్నాను. టిక్కుమనే చప్పుడు లేదు, స్వరంలో వణుకు లేదు. పాట అయిపోగానే సూది ఎత్తేశాను. గ్రాంట్ కూడా విన్నాడు, అతనూ అలాగే ఎత్తేశాడు. రికార్డును కొనేవాళ్ళు చూస్తారు, మా పనిలో ఉన్నవాళ్ళం వింటాం, అంతే. సరేనని ఫ్యాక్టరీకి రాశాం.

కొన్నవాళ్ళకు రికార్డులు అందిన కొద్ది రోజులకే అంకుల్ ఆఫీసుకు వచ్చారు. వాట్‌ఫర్డ్‌లో చెల్లెలి ఇంటికి వచ్చాను, ఇటు తొంగిచూద్దామనిపించింది అన్నారు. బ్యాగులోంచి పాత రికార్డూ కొత్త రికార్డూ తీసి, కిటికీ దగ్గర వంచి పట్టుకున్నారు. రెండింటి మీదా ఒకే చేతిరాత, అదే మాట.

"మళ్ళీ వేస్తన్నామని ముందే ఒక్క ముక్క చెప్పుంటే, వాళ్ళకి నేనే సర్దిచెప్పేవాణ్ణి కదమ్మా," అన్నారు.

సారీ అంకుల్ అన్నాను.

"నాకెందుకులే. డాక్టరుగారికి కమీషనెంత ముట్టిందో అన్నారు క్లబ్బులో. నవ్వుతూనే అన్నార్లే."

గ్రాంట్ టీ తెచ్చి ముందు పెట్టాడు. ఆయన ముట్టుకోలేదు. నన్ను ఎన్నో నెల అని అడిగి, పార్సిళ్ళు ఎత్తకమ్మా అని చెప్పి లేచారు. పాత రికార్డు జాగ్రత్తగా బ్యాగులో పెట్టుకున్నారు. కొత్తది బల్లమీదే వదిలేశారు.

ఆ తర్వాత ఎవరో రెండు డిస్కుల ఫొటోలూ పక్కపక్కన పెట్టి ఆన్‌లైన్‌లో వేశారు. షాపులు సరుకు వెనక్కి పంపాయి. నేను లీవు మీద వెళ్ళాను, తిరిగి వెళ్ళడానికి లేబుల్ మిగల్లేదు.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది. స్లీవ్ మీది మాట ప్రింటరుకు చెబితే మారిపోతుంది. అచ్చులోకి దిగిన మాటను మార్చాలంటే మొదటినుంచీ మళ్ళీ కోయాలి. అంత స్తోమత లేనప్పుడు, ఆ మాట నమ్మినవాళ్ళకు, అది మారుతోందని ముందుగా చెప్పాలి. ప్రకటన వేసి కాదు, ఫోన్ చేసి. షెఫీల్డ్ నంబరు నా ఫోనులో అలాగే ఉంది. పాప పుట్టిన సంగతి కూడా ఆయనకు ఇంతవరకూ చెప్పలేదు.