దీపస్తంభం లేని రేవులో కార్తీక స్నానం

ఇలా దగ్గరికి జరగండమ్మా, చేతిలో పని ఉంటే ఇక్కడే పెట్టుకుని చేసుకోండి. మేమిద్దరం అలెగ్జాండ్రియా వెళ్ళొచ్చిన సంగతి చెబుతాను. రేపు మీరూ వెళ్ళచ్చు.

నేను చదివింది ఐదో తరగతి. ఆయన సెంట్రల్ గవర్నమెంటులో చేసి రిటైరయ్యారు. మయూర్ విహార్‌లో ఉంటాం. ఈమధ్య ఆయనకి గ్లకోమా ముదిరి, చుట్టూ చీకటి కమ్మి, చూపు గొట్టంలోంచి చూసినట్టయింది. ఉన్నది కాపాడుకోవడమే గానీ పోయింది తిరిగి రాదన్నాడు డాక్టరు. ఆవేళ మెట్రోలో ఇంటికొస్తూ ఆయన, "చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో అలెగ్జాండ్రియా దీపస్తంభం బొమ్మ ఉండేది. ఈ కాస్త చూపూ పోకముందు అది నిలబడ్డ చోటు చూడాలే" అన్నారు.

"స్తంభం కూలిపోయి ఎన్ని వందల ఏళ్ళయిందో నాన్నా" అంది ఇందిరాపురం నుంచి మాకు తోడొచ్చిన మా అమ్మాయి లలిత.

"చోటుందిగా" అన్నారాయన.

కార్తీక పౌర్ణమికి అక్కడుండేలా టికెట్లు తీయమన్నాను. మా భీమిలి వైపు సముద్రాన్ని ఎప్పుడు పడితే అప్పుడు ముట్టుకోం, పర్వం ఉండాలి. అంత దూరం వెళ్ళి ఒడ్డున నిలబడి వచ్చేస్తామా?

"ఈజిప్టుకి పంచాంగం చూసుకుని వెళ్ళేది నువ్వొక్కదానివే అమ్మా" అని నవ్వింది లలిత.

వీసా ఇంటి నుంచే అయిపోయింది. తెల్లవారుజామున టాక్సీ, ఢిల్లీ నుంచి కైరోకి తిన్నగా విమానం. పులిహోర చేతిసంచీలో పెట్టుకున్నా ఫరవాలేదు. ఊరగాయ మాత్రం పెద్ద పెట్టెలో పెట్టండి. ఆ రాత్రి కైరోలో పడుకుని, పొద్దున్నే అలెగ్జాండ్రియా రైలెక్కాం. రెండున్నర గంటల పైనే పడుతుంది. ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, "కాలవ వచ్చింది, ఖర్జూరం చెట్లు, గాడిద మీద గడ్డిమోపు" అని చెబుతూ కూర్చున్నాను. ఎండలో పొగమంచు కరుగుతుంటే కోనసీమ మీదుగా నిద్రలో పోతున్నట్టుంది.

ఎదురుగా నల్ల ముసుగేసుకున్న పెద్దావిడ గుమ్మడి గింజలు పెట్టింది. నేను పులిహోర ఇచ్చాను. ఒక ముద్ద తిని కారానికి నోటి ముందు చేత్తో విసురుకుంది, మళ్ళీ చెయ్యి చాపింది. "తీఖా హై దీదీ, ధీరే ధీరే" అన్నాను హిందీలో, కారం, మెల్లగా తినమని. ఆవిడ అరబ్బీలో ఏదో పెద్ద కథే చెప్పింది. "ఒకరి భాష ఒకరికి రాదు, మాటలు మాత్రం ఆగవు" అన్నారు మావారు.

సముద్రానికి ఎదురుగా ఇనప జాలీ లిఫ్టున్న పాత హోటలు. నీళ్ళవైపు గదే అడగండి, కాస్త ఎక్కువైనా సరే. మధ్యాహ్నం పెద్ద చిక్కుడు గింజలు రుబ్బి వేయించిన వడలు తిని, గుర్రబ్బండి ఎక్కాం. రేవంతా నెలవంకలా వంపు తిరిగి ఉంది. ఆయన కళ్ళకి అందేది అరచేతంత ముక్క. బొంతకి గుడ్డముక్కలు అందించినట్టు నేనే అందించాను: ఇదిగో పడవలు, ఇదిగో మసీదు, చిట్టచివర కోట. భూకంపాలకి దీపస్తంభం కూలితే ఆ రాళ్ళు కొన్ని వాడి అక్కడే కోట కట్టారట.

కోట ముందు ఆయన తల అటూ ఇటూ తిప్పి చాలాసేపు వెతికారు. మొహం వాడిపోయింది.

"ఒక రాయి, దాని పక్కన ఇంకో రాయి. అంతే. ఆలస్యం చేశానే."

నేను ఆయన పక్కకి జరిగాను. "నాకూ గోడే కనిపిస్తోందండీ. లేనిదాన్ని చూడ్డానికి నా కళ్ళు మాత్రం ఏం పనికొస్తాయి? బొమ్మ చూసింది మీరు. నాకు చెప్పండి."

ఆయన కళ్ళు మూసుకుని తలెత్తారు. అడుగున నాలుగు పలకలట, దాని మీద ఎనిమిది పలకలు, ఆపైన గుండ్రంగా, కొసన మంట.

"ఎంత ఎత్తు?"

"లలితా వాళ్ళ అపార్ట్‌మెంటు టవరుకంటే పైకే."

"అయితే మన కార్తీకంలో కట్టే ఆకాశదీపమే. ఓడలవాళ్ళకోసం."

"అంతేనే" అని నవ్వారు. గాలి ఉప్పగా కొడుతోంది. నిజం చెబుతున్నాను, నాకప్పుడు కనిపించింది.

మర్నాడు పౌర్ణమి. తెల్లవారుతుంటే మోకాలి లోతు నీళ్ళలో దిగాం. చందమామ కోటవైపు వాలుతున్నాడు. ఆయన సంకల్పం మొదలుపెట్టారు. ఇంటి దగ్గరైతే యమునా తీరే అని గడగడా సాగిపోతుంది. ఇక్కడ అలవాటుగా భరతవర్షే అనేసి ఆగిపోయారు.

"ఇది భరతవర్షం కాదు. చోటు చెప్పకుండా ఎలా మునగడం?"

"నైలు నది ఒడ్డనండి."

"అది ఈ ఊళ్ళో సముద్రంలో కలవదే."

"నాకు చలేస్తోంది, ఏదో ఒకటి అనండి."

ఆయన కోటవైపు తిరిగారు. "దీపస్తంభ సమీపే" అన్నారు గట్టిగా. కళ్ళు బాగుచెయ్యమని అడుగుతారనుకున్నాను. ఆయన సంస్కృతం వదిలేసి, "చూపు ఉన్నా పోయినా, ఈవిడ చెబుతుంటే నేను వింటూ ఉండాలి" అని, నా చెయ్యి పట్టుకుని మునిగారు.

తిరుగు రైలు, తిరుగు విమానం అన్నీ కలలో జరిగినట్టు జరిగిపోయాయి. ఢిల్లీ ఎయిర్‌పోర్టులో లలిత ఎదురొచ్చి, "దీపస్తంభం చూశారా నాన్నా?" అంది.

"చూడడమేమిటి, మీ అమ్మకి చూపించి తీసుకొచ్చాను" అన్నారాయన.

ఆ ఊరు అలాంటిదమ్మా. ఉన్నవాటికంటే లేనివే అక్కడ ఎక్కువ కనిపిస్తాయి. మీ ఇంట అందరి కళ్ళూ చల్లగా ఉండాలి. ఒకరు చెబుతుంటే ఒకరు వినే పొద్దులు మీ గడపలో ఎన్నటికీ తరగకుండా ఉండాలి.