పరీక్ష బెల్లం

జీవానందం మేస్త్రీకి ఒకే ఒక్క జబ్బు ఉండేది: పరీక్ష. మనుషుల గురించి ఎవరు ఏం చెప్పినా నమ్మేవాడు కాదు. "ఫలానావాడు సోమరి" అంటే చాలు, తలగుడ్డ బిగించి, "పరీక్ష పెట్టి చూద్దాం పట్టు" అనేవాడు. జేబులో ఎప్పుడూ బెల్లపుగడ్డ ఉండేది. ఆయన వెనక చీమలు ఊరేగింపుగా పోతాయని మార్కాపురమంతా చెప్పుకునేది.

ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజులవి. ఊరి శివారులో ఆయన చూసుకునే పలకల షెడ్డులో మాలకొండమ్మ పలచటి రాళ్ళను నున్నగా గీకి బడిపలకలు చేసేది. పలకలేమో రాష్ట్రమంతా బడులకు పోయేవి. గీకిన దుమ్ము మాత్రం ఆడవాళ్ళ ఛాతీల్లోనే ఉండిపోయేది. అయినా ఆ రోజులు తలచుకుంటే మాలకొండమ్మకు ఇప్పటికీ ముందు నవ్వే వస్తుంది.

నీళ్ళకుండ సంగతే చూడండి. తాగినవాళ్ళెవరూ మూత పెట్టేవారు కాదు. "మూత పెట్టినోళ్ళకు బెల్లం!" అని ప్రకటించాడు మేస్త్రీ. ఆ పూట పలకల చప్పుడు కన్నా మూత చప్పుడే ఎక్కువైంది.

"ఏంది రోశమ్మా, అంత దాహమా?"

"దాహం కాదన్నా. పెడదామని తీసినా."

మేస్త్రీ మురిసిపోయాడు. మర్నాడు బెల్లం మాట ఎత్తకుండా కుండను అందరికీ కనబడేట్టు షెడ్డు నడుమ పెట్టించాడు. మూత మరచినవాళ్ళను మిగతావాళ్ళు ఆటపట్టించడం మొదలెట్టారు. ఇక మూత పక్కకు జరిగితే ఒట్టు.

"చూసినారా! బెల్లం చేయలేని పని పదిమంది కళ్ళు చేసినాయి" అంటూ గెలిచినవాళ్ళకూ ఓడినవాళ్ళకూ బెల్లం పంచాడు. ఆయన పరీక్షలన్నీ అట్లాగే ముగిసేవి. నియమం ఒక్కటే: పరీక్ష బెల్లం ఆయన ఎదుటే తినాలి. కొంగున కట్టుకుంటే పరీక్ష చెడిపోతుందట!

ఒకనాడు యజమాని లక్ష్మీనరసయ్య వచ్చి, నెలాఖరుకు అందరికన్నా ఎక్కువ పలకలు పగలగొట్టిన మనిషిని పనిలోంచి తీసేస్తానన్నాడు. నాలుగు రోజులకే మాలకొండమ్మ పక్కన ముక్కల గుట్ట లేచింది. ఆ పని పోతే పిల్లల్ని వెంటేసుకొని కూలికి ఊళ్ళు పట్టుకు తిరగాల్సిందే.

"దాని చెయ్యి మంచిది కాదు" అన్నాడు యజమాని.

"పరీక్ష పెట్టి చూద్దామయ్యా."

"పెట్టుకో. బెల్లం మాత్రం నన్నడగొద్దు."

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ రాళ్ళన్నీ కలగలిపి, గోనెపట్టా కప్పి, చూడకుండా తీసి పంచాడు. సాయంత్రానికి అందరి పక్కనా గుట్టలే. రోశమ్మది అన్నిటికన్నా పెద్దది. "నా చేతులకు ఏమొచ్చెనే!" అని ఆమె లబోదిబోమంది.

చేతులకేమీ రాలేదు. పని పోతుందన్న భయంతో ముందొచ్చినవాళ్ళు మంచి రాళ్ళు ఏరుకునేవారు. తర్లుపాడు నుంచి నడిచి ఆఖరున చేరే మాలకొండమ్మకు బీటల రాళ్ళే మిగిలేవి.

యజమాని ఒప్పుకుంటేనా! "తప్పు రాయి మీదికి తోయొద్దు. చేతకాని చేతులు."

"అయితే తమరు గీకండయ్యా" అని మేస్త్రీ పట్టా కిందనుంచి ఒక రాయి తీసిచ్చాడు. యజమాని పంచె ఎగ్గట్టి కూర్చున్నాడు. రెండు గీకులకే రాయి టక్కుమని రెండు ముక్కలైంది.

"ఇప్పుడు ఎవర్ని తీసేద్దామయ్యా?" అని మేస్త్రీ ఎంతో వినయంగా అడిగాడు.

మనిషిని తీసేయడానికొచ్చిన యజమాని, ఓ దగ్గు దగ్గి, తన మాటనే తీసేసుకొని వెళ్ళిపోయాడు.

మేస్త్రీ అందరికీ బెల్లం పంచాడు. మాలకొండమ్మ తన ముక్కను కొంగున కట్టబోయింది.

"ఇక్కడే తినాల!"

"ఏందన్నా ఆ పట్టు? ముక్క ఇంటికి పోతే నీ పరీక్షకేం పోతాది?"

మేస్త్రీ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "రాతిదుమ్ముకు బెల్లం మంచిదంటారు. ఊరికే ఇస్తే మీరు తింటారా? పిల్లోళ్ళకని మూట కట్టుకోని పోతారు. పరీక్ష అంటే నోట్లో వేసుకుంటారు."

మాలకొండమ్మ ఆయన్ను ఎగాదిగా చూసింది. "నువ్వూ ఈ దుమ్ములోనే ఉండావు గదన్నా. నువ్వు తినంగా మేమెప్పుడన్నా చూసినామా?"

ఆయన తలగుడ్డ సర్దుకున్నాడు. ఆమె తన ముక్కలో సగం విరిచి ఆయన చేతిలో పెట్టింది. అలవాటు కొద్దీ ఆ చెయ్యి జేబు వైపు పోయింది.

"ఊఁహూఁ! అది పరీక్ష బెల్లం మేస్త్రన్నా! మా ఎదుటే తినాల!"

షెడ్డంతా పలకలు దించి చూస్తోంది. జీవానందానికి నోరు తెరవక తప్పలేదు. ఆ పూట చీమలకు పస్తే.