రెండో పళ్లెం

ధర్మవరంలో మా మగ్గం పక్క మగ్గం రామదాసుది. పట్టుచీరకు అంచు నేయడంలో అతని చెయ్యి మంచిదే గానీ, నోరు మాత్రం పెద్దది. వీధిలో ఎవరితోనైనా గొంతెత్తే మాట్లాడతాడు. అతని భార్య నాగలక్ష్మమ్మ అందుకు సరిగ్గా ఎదురు. మూలన కూర్చుని కండెలు చుడుతుంటే మనిషి ఉన్నట్టే తెలిసేది కాదు.

మా ఇళ్ళలో మగవాడు తిని చెయ్యి కడిగాకే ఆడది పళ్లెం ముందు కూర్చోవాలి. వానలు మొహం చాటేసి, కరువుకు సర్కారు ఊళ్ళో గంజి పోసిన ఏళ్ళలో ఆ పద్ధతి నాగలక్ష్మమ్మకు మిగిల్చింది అడుగంటిన గంజే. ఆ పద్ధతిని తిట్టాలో, నోరు మెదపకుండా దాన్ని మోసిన ఆమెను తిట్టాలో నాకు తెలియదు. రామదాసు చెడ్డవాడు కాదు. అడిగితే ఆమె "తింటినిలే" అనేది, అతను నమ్మేవాడు.

పంతొమ్మిదివందల అరవై రెండులో ఆమెకు కడుపులో గడ్డ లేచింది. బెంగుళూరు ఆసుపత్రిలో చూసి, ఇక కోసినా లాభం లేదు, కోరింది పెట్టండని పంపేశారు. ఆమె ఏమి కోరుతుంది? కోరిక పుట్టింది రామదాసుకు. ఒక్కపూటైనా ఆమె తన పక్కన కూర్చుని కడుపారా తింటుంటే చూడాలని. అతని చీరలు కొనే బెంగుళూరు వ్యాపారి పాపన్న ఆ మాట విని, తాను పోయే పెద్ద హోటల్లో ఇద్దరికీ భోజనం చెప్పిపెట్టాడు.

ఆ హోటల్లో మనం అడిగేది ఏమీ ఉండదు. పూటకు ఏమేమి పెట్టాలో వాళ్ళే అనుకుని, ఒకటి ఎత్తేశాక ఇంకొకటి తెస్తారు. మొదట ఇద్దరి ముందూ సూపు పెట్టారు. చుట్టూ దొరలలాంటి మనుషులు. రామదాసు వంచిన తల ఎత్తకుండా, చెంచాతో కుస్తీ పడి ఎట్లాగో ముగించాడు. తెల్ల తలపాగా సర్వరు వచ్చి, అయిందా అన్నట్టు కన్నడంలో "ఆయ్తా?" అన్నాడు. "ఆయ్తు" అన్నాడు రామదాసు. సర్వరు రెండు పళ్లేలూ ఎత్తుకుపోయాడు. కట్లెట్టు వచ్చింది, పోయింది. నెయ్యన్నం వచ్చింది, పోయింది. ప్రతిసారీ "ఆయ్తు" అన్నది రామదాసే.

చివరికి తీపి వచ్చింది. అది తినేసి, ఎట్లుందో అడుగుదామని తల ఎత్తితే, ఆమె పళ్లెం పెట్టింది పెట్టినట్టే ఉంది.

"ఏమే, తినలేదా?"

"నువ్వు తిన్యాక తిందామనుకుంటి. అంతలోకే ఎత్తుకపోతాండాడు."

"అన్నీ అంతేనా? చెప్పకూడదా నాతో?"

"నువ్వు బాగా తింటాంటివి కదా" అంది ఆమె.

రామదాసు పళ్లెం ఆమె దగ్గరికి జరిపాడు. "తిను, ఇదన్నా తిను" అని బతిమాలాడు. రెండు చెంచాలు తిని, కడుపు పట్టుకుని చాలంది ఆమె. ఇంకోసారి అన్నం తెమ్మని అడగొచ్చు. మా వీధినంతా గడగడలాడించే మనిషి ఆ తలపాగా ముందు నోరెత్తలేకపోయాడు. ఇదంతా అతనే మగ్గం మీద కూర్చుని నాకు చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తిడదామనుకున్నాను గానీ, అతను అప్పటికే ఏడుస్తున్నాడు.

నెల తిరక్కముందే నాగలక్ష్మమ్మ పోయింది. పెద్దదినం నాడు ఆమె పేరున ముందుగా ఆకు వేసి, ఓళిగ, చిత్రాన్నం అన్నీ వడ్డించారు. బంధువులంతా ఆకలితో కాచుకుని ఉన్నారు. ఆమెకు చూపించింది చాలు, ఇక అందరికీ వడ్డిద్దామని రామదాసు వదిన బయమ్మ ఆకు తీయడానికి వంగింది.

రామదాసు రెండు చేతులూ ఆకుకు అడ్డం పెట్టాడు.

"ఎత్తొద్దు వదినా" అన్నాడు. "ఆమె ఇంకా తినలే."