రఘు అన్న, ఇడ్లీ పాత్ర, నేను కట్ చేసిన హమ్

నిన్న అందరికీ ఇంటి నుంచే పని, పొద్దున ఆఫీస్ కాల్‌లో నా అప్‌డేట్ చెబుతుండగా ఫోన్‌లో మెసేజ్ వచ్చింది.

"రఘు గారు ఇక లేరు. హార్ట్ ఎటాక్."

ఏ రఘు అని రిప్లై పెట్టాను. చూడండి నా తెలివి. ఇక్కడ అమెరికాలో, ఈ బెంటన్‌విల్‌లో నాకు తెలిసిన రఘు ఒక్కడే.

నిన్నటి నుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. లేస్తున్నాను, నీళ్ళు తాగుతున్నాను, కార్ తాళాలు తీసుకుంటున్నాను, మళ్ళీ పెట్టేస్తున్నాను. మా ఆవిడ "ఒక్క చోట కూర్చోండి, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అంటోంది.

రఘు అన్న నాకు చుట్టం కాదు. నాలుగేళ్ళుగా ఒకే కార్‌లో ఆఫీస్‌కి వెళ్ళేవాళ్ళం. సోమ, బుధ ఆయన డ్రైవింగ్. మంగళ, గురు నాది. ఎవరు డ్రైవ్ చేస్తే వాళ్ళ పాటలు, అదీ రూల్.

సోమ, బుధవారాలు నాకు నరకం.

ఆయనకి నార్వే వాళ్ళ జాజ్ పిచ్చి. మామూలు జాజ్ కూడా కాదండీ. ఒకాయన ట్రంపెట్ ఊదుతాడు, గాలి మాత్రమే వస్తుంది. పక్కన ఇంకొకాయన ల్యాప్‌టాప్‌తో ఆ గాలిని పట్టుకుని, సాగదీసి, తిప్పి వదులుతాడు. ముందుగా రాసుకున్నది ఏమీ ఉండదు. అప్పటికప్పుడు పుట్టాల్సిందే.

"అన్నా, ఫ్రిజ్ పాడైనట్టుంది. ఆపేయ్."

"రెండు నిమిషాలు ఆగరా. వస్తుంది."

"ఏమొస్తుంది?"

"అది వాయించేవాళ్ళకే తెలీదు. అందుకే కదా మజా!"

లోకమంతా వెకేషన్‌కి ఫ్లోరిడా వెళ్తే, ఈయన తన భార్యని, అదే మా వదినని, నార్వేలో ఓస్లో తీసుకెళ్ళాడు. ఒక బేస్‌మెంట్‌లో పాతికమంది మధ్య గంటన్నర కూర్చోబెట్టాడు. "ఊదుతున్నాడు, ఊదుతున్నాడు, పాట మాత్రం మొదలవ్వదు శ్రీనూ" అని వదిన ఆ కథ చెప్పినప్పుడల్లా అందరికంటే ముందు నవ్వేది ఆయనే.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. చెప్పకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

మొన్న స్కూల్ హాల్‌లో జరిగిన ఉగాది ఫంక్షన్‌లో కమిటీ వాళ్ళని నెల రోజులు బతిమాలి స్టేజ్ మీద ఎనిమిది నిమిషాలు సంపాదించాడు. పిల్లల ఫ్యాన్సీ డ్రెస్‌కీ లంచ్‌కీ మధ్య. ల్యాప్‌టాప్, నాబ్‌లున్న చిన్న డబ్బా, వదిన ఇడ్లీ పాత్రకి టేప్‌తో అతికించిన ఒక మైక్. అంతే సరంజామా.

సౌండ్ డ్యూటీ నాది. స్పీకర్లు నావి కాబట్టి నేనే ఇంజినీర్‌ని.

"తొమ్మిదింటికి రారా, ఒకసారి చెక్ చేద్దాం" అన్నాడు. నేను వెళ్ళలేదు. పులిహోర ట్రేలు తేవడానికి వెళ్ళాను.

ఆయన మొదలుపెట్టాడు. సన్నగా ఒక హమ్, కరెంటు తీగ మోతలా. అర నిమిషం అయింది, ఒక నిమిషం అయింది, అదే హమ్. ముందు వరసలో ఒక ఆంటీ చెవులు మూసుకున్నారు. ఏదో కేబుల్ లూజయిందనుకున్నాను. ఆయన సౌండ్ తగ్గించే మీట, అదే ఫేడర్, కిందికి లాగేశాను.

హమ్ పోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నేను తీసేసింది ఆయన పాటని. ఆ హమ్మే పాట.

ఆయన ఒక్కసారి తలెత్తి చూశాడు. మళ్ళీ పాత్ర మీదకి వంగాడు. నా తప్పు అప్పుడే అర్థమైనా, నేనేమో మైక్ తీసుకుని "టెక్నికల్ ప్రాబ్లమ్ అండీ, లంచ్ స్టార్ట్ చేసేద్దాం!" అని అరిచాను. కుర్చీలు జరిగాయి. జనం లేచిపోయారు.

లైన్‌లో నా వెనకే నిలబడ్డాడు. "సౌండ్ పోయినట్టుంది కదరా?" అన్నాడు మెల్లగా.

"స్కూల్ వాళ్ళ వైరింగ్ అన్నా" అన్నాను. తడుముకోకుండా.

"అవునా" అని పులిహోర వడ్డించుకున్నాడు.

వారం తర్వాత ఒక ఆడియో ఫైల్ పంపాడు. పేరు 'ఇద్దరం'. "ఫుల్‌గా విని చెప్పరా." ఓపెన్ కూడా చేయకుండా "సూపర్ అన్నా" అని పెట్టాను. పక్కన ఒక నిప్పు ఎమోజీ కూడా.

ఆయన మళ్ళీ అడగలేదు. నిజం చెప్పేద్దామని ప్రతి సోమవారం అనుకునేవాణ్ణి. ఆయన ఆ గాలి పాట పెట్టేవాడు. నేను ఫోన్ చూసుకునేవాణ్ణి. ఛీ, నా బతుకు.

ఈరోజు బుధవారం. ఆయన డ్రైవింగ్ రోజు. పొద్దున ఎనిమిదికి అలవాటుగా కిందకి దిగి నిలబడ్డాను. ఎంతసేపో తెలీదు. తర్వాత నా కార్‌లో కూర్చుని ఆ ఫైల్ ఓపెన్ చేశాను.

స్టేజ్ మీద టేబుల్ పైన చిన్న రికార్డర్ పెట్టుకున్నాడన్నమాట. నాకు తెలీదు.

హమ్ వచ్చింది. తెగిపోయింది. హాల్ గోల. ఎవరి పిల్లో ఏడుస్తోంది. నా అరుపు, లంచ్ స్టార్ట్ చేసేద్దాం అని.

వెంటనే ఇడ్లీ పాత్ర మీద వేళ్ళతో, నా అరుపు ఏ దరువులో ఉందో అదే దరువు వాయించాడు. టకటక టక్, టకటక టక్. కుర్చీలు జరిగితే కుర్చీలతో, పిల్ల ఏడిస్తే పిల్లతో. హాల్ ఖాళీ అయ్యేదాకా వాయించాడు. వినేవాడు ఒక్కడూ లేడు.

చివర్లో రికార్డర్‌కి దగ్గరగా ఆయన గొంతు, నవ్వుతూ:

"శ్రీనుగాడు భలే టైమ్‌కి కట్ చేశాడు."

స్టేజ్ మీద నుంచి ఫేడర్ లాగిన నా చెయ్యి చూశాడు. లంచ్ లైన్‌లో వైరింగ్ అని నేను చెప్పినప్పుడు ఆయనకి అంతా తెలుసు. తెలిసే "అవునా" అన్నాడు. తెలిసే ఆ ఫైల్‌కి 'ఇద్దరం' అని పేరు పెట్టాడు.

అన్నా, వైరింగ్ కాదు. నేనే.

ఇప్పటికి నాలుగుసార్లు విన్నాను. రెండు నిమిషాలు ఆగితే వస్తుందన్నావు కదా, వచ్చింది. చెబుదామంటే నువ్వు లేవు.

వెళ్ళిరా రఘు అన్నా. నీ మనసుకి శాంతి దొరకాలి. అక్కడ నీ హమ్‌ని ఎవరూ కట్ చేయకూడదు.