పోస్టులో వెళ్లే చేతిరాత

"...ముఖమైనా చూడనివాళ్లకి పాఠమేమిటి నాన్నా? చెయ్యి పట్టుకుని దిద్దించాలి గానీ!" అంది కూతురు.

"నీకు అలాగే దిద్దించాను. ఎన్ని మొట్టికాయలు తిన్నావో గుర్తుందా? మా తాతకి ఆయన గురువు తాటాకు మీద రాసి పంపేవాడట. అది చూసే నేర్చుకున్నాడు," అన్నాడు చేతిరాత మాస్టారు.

నెలకో పేజీ రాసి, జిరాక్సు తీయించి, పన్నెండుమంది శిష్యులకు పోస్టులో పంపుతాడు. అది చూసి వాళ్లు రాసి పంపిన కాగితాలని వేళ్లు విరుచుకుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, ఎర్రసిరాతో దిద్దుతాడు. ఈసారి అందరి కాగితాల్లోనూ రెండో వరుసలో ఒకేచోట గీత సన్నగా వణికింది. ఎర్రకలం ఎత్తినవాడల్లా ఆగి, తాను పంపిన పేజీ తీసి పక్కన పెట్టి చూశాడు. వణుకు అక్కడే ఉంది. శిష్యులు ఉన్నదున్నట్టు చూసి రాశారు. తన కుడిచేతిని ఓసారి చూసుకుని, తెల్లకాగితం కూతురి ముందుకు జరిపాడు.

"వచ్చే నెల నుంచి పేజీ నువ్వు రాయమ్మా."