సేట్‌జీ కూసున్న బొమ్మల పెట్టె

రాండ్రి పిల్లలూ, ఇంక జర దగ్గరికి జరుగుండ్రి. అన్నాల గంట కొట్టేదాక టైం ఉన్నది. గోడకు ఆనుకొని నీడకు కూసోండ్రి. నేను గీ మీ బడి సంచుల మీద కూసుంట.

ఏదో పటపటమన్నది. భయపడకండ్రి, నా మోకాళ్లు. నలభై దాటితే గిట్లనే సప్పుడు చేస్తయి. లక్ష్మీ, చెయ్యి దించు బిడ్డా. పెద్దోళ్లు మాట్లాడేటప్పుడు నడుమ మాట్లాడొద్దు. కథ అయినంక అడుగు.

మొన్న ఆదివారం మా ఇంట్ల ఏమైందో వినుండ్రి. నా తమ్ముడు మారుతి పెండ్లి సంబంధం నా చేతుల్లనే పోబోయింది. అదీ ఒక మంచి పని చేసినందుకు.

మా పింకీ తెలుసు గదా, నాలుగేండ్ల బిడ్డ. దాని బొమ్మలు హాల్ నిండ ఉండేటియి. అంతకుముందు ఒక పిల్ల తరఫోల్లు మా ఇల్లు చూడనీకి అచ్చిన్రు. ఆ పిల్ల మేనమామ గడప దాటి లోపల కాలు పెట్టిండు. ఆ కాలు కింద పింకీ లారీ ఉండె. మనిషి గడప కాడ ఎక్కి ఫ్రిజ్ కాడ దిగిండు. "ఫోన్ చేస్తం" అని పోయిన్రు. ఆ ఫోన్ ఇంక మోగలేదు.

మళ్లొక సంబంధం కుదిరేటట్టు ఉన్నది. పిల్ల తండ్రికి నాందేడ్‌ల బట్టల దుకాణం, శంకర్ సేట్ అంటరు. పిల్ల నచ్చింది, పిలగాడు నచ్చిండు. ఇల్లు చూసుడు ఒక్కటే మిగిలింది. మారుతి నా తోని ఒక్కటే మాట అన్నడు: "అన్నా, ఈసారి ఎవ్వలూ జారొద్దు."

అందుకే మీ గురూజీ, అంటే నేను, మా ఇంటామె అంటే మీ గురుమాయి సునంద కలిసి నాందేడ్‌ల ఫర్నిచర్ దుకాణానికి పోయిన్రు. గురుమాయి ఎదురు బద్దలతోని అల్లిన ఎదురుబుట్ట చూపెట్టింది. "పెద్దగున్నది, మూత లేదు, ఏది ఎక్కడున్నదో కనవడతది," అన్నది. నాకు నచ్చలే. హాల్‌ల బుట్ట పెడితే కూరగాయల అంగడి లెక్క ఉండదా? నా కండ్లు ఒక బెంచి మీద పడ్డయి. బూడిద రంగు గద్దె, సన్నటి కట్టె కాళ్లు. గద్దె లేపితే లోపల ఇంత పెద్ద పెట్టె! దుకాణపాయన "గురూజీ, వర్ బసా, ఆత్ ఠేవా" అన్నడు. పైన కూసోండి, లోపల పెట్టుకోండి అని.

"చూసినవా సునందా," అన్న నేను, "పైన మనిషి కూసుంటే లోపల బొమ్మలున్నయని దేవునికి గూడ తెల్వది."

"దేవునికి తెల్వకపోతే మనకెట్ల తెలుస్తది?" అన్నది.

ఆ మాట నేను పట్టించుకోలే.

ఇంటికి తెచ్చినంక పింకీకి అలవాటు చెయ్యాలె గదా. కొట్టి నేర్పిస్తే నేనేం గురూజీని? ఒక కథ చెప్పిన. "బిడ్డా, నేల మీద ఒంటరిగ పడున్న వస్తువులకు చలి పెడతది, ఏడుస్తయి. వాటిని పెట్టెల పండుకోవెట్టాలె." బిడ్డ కండ్లల్ల నీళ్లు తీసుకున్నది. సాయంత్రానికి హాల్ అద్దం లెక్క ఉన్నది. శాబాష్ అని వీపు తట్టిన. టీవీ రిమోట్, పప్పు గంటె గూడ కనవడలే గని, శాస్త్రం నేర్చుకునేటప్పుడు జర నష్టం ఉంటది అనుకున్న.

ఆదివారం సేట్‌జీ, ఆయన చెల్లె గంగాబాయి బస్సు దిగి అచ్చిన్రు. గడప బయట చెప్పులిడిసిన్రు. సేట్‌జీవి కొత్త కొల్హాపురి చెప్పులు, నడుస్తుంటే కిర్రుకిర్రుమంటయి. కాళ్లకు నీళ్లియ్యాలె గదా, పక్క సందులున్న నల్లా కాడికి తోల్కపోయిన. అచ్చి సేట్‌జీని కొత్త గద్దె మీదనే కూసోవెట్టిన.

చాయ్ తాగిన్రు. సేట్‌జీ గద్దె తట్టి, "చిన్నపిల్ల ఉన్న ఇల్లని ఎవ్వలంటరు? మస్తు నీటుగ పెట్టిన్రు," అన్నడు. నేను ఇంత పొంగిన.

బస్సు టైమైంది. లేచి గడప కాడికి పోయిన్రు. చెప్పుల్లేవు. ఇద్దరివీ లేవు!

"మీరు కూసోండి సేట్‌జీ! అస్సలు లెవ్వొద్దు! నేను చూస్త గదా," అని మళ్ల గద్దె మీదనే కూసోవెట్టిన.

పింకీ నా అంగీ గుంజింది. "నాన్నా, చెప్పులు..."

"పింకీ! పెద్దోళ్లు మాట్లాడేటప్పుడు నడుమ మాట్లాడొద్దు."

బిడ్డ మూతి మీద ఏలు పెట్టుకున్నది. నా మాట ఇనే శిష్యురాలు.

నేను పక్కింటోల్ల కుక్క ఎంబడి చెరువు కట్ట దాక ఉరికిన. దాని మొఖంలనే దొంగతనం కనవడ్డది నాకు. మారుతి గడ్డివాము ఇప్పిండు. అంతల బస్సు హారన్ కొట్టుకుంట పోయింది. నేను మా బాత్‌రూం స్లిప్పర్లు తెచ్చి సేట్‌జీ కాళ్ల ముందట పెట్టిన. ఒకటి నీలం, ఒకటి ఎర్ర. గంగాబాయి ఆ స్లిప్పర్ల దిక్కు చూసింది, మారుతి దిక్కు చూసింది. మారుతి నేల దిక్కు చూసిండు.

సేట్‌జీయే పింకీని దగ్గరికి పిలిచిండు. "బిడ్డా, నువ్వేమన్న చూసినవా?"

పింకీ నా దిక్కు చూసింది. నేను తలూపిన.

"పండుకున్నయి తాతా. నువ్వు వాటి మీదనే కూసున్నవు. మెల్లగ లెవ్వు."

గద్దె లేపినం. కొల్హాపురి చెప్పుల మీద బొమ్మ దుప్పటి. గంగాబాయి చెప్పుల మీద నా దస్తీ. పక్కకు పప్పు గంటె.

గంగాబాయి నడుము మీద చెయ్యి పెట్టుకున్నది. "ఏంది గురూజీ! పిలగాని చెప్పులు దాసేది పెండ్లినాడు. దాసేది పిల్ల తరఫోల్లు. మీరు మాట ఖాయం కాకముందే ఉల్టా షురూ జేసిన్రా?"

సేట్‌జీ నవ్విండు. కడుపు పట్టుకొని నవ్వుకుంట ఎనకకు కూసున్నడు. మూత తెరిచే ఉన్నది.

కాళ్లు మీదికి, నడుము లోపలికి. కిందనుంచి పింకీ బ్యాటరీ కోడి కూసుడు మొదలువెట్టింది. మారుతి ఒక చెయ్యి, నేనొక చెయ్యి పట్టి గుంజినం. రాలే. సేట్‌జీ పెట్టెల నుంచే అన్నడు: "ఉండనియ్యి గురూజీ, ఇక్కణ్నుంచే చెప్త. గడప బయట ఇడిసిన చెప్పులకే దుప్పటి కప్పిన్రు. నా బిడ్డను మంచిగ చూసుకోరా? సంబంధం ఖాయం. ఇగ నన్ను లేపుండ్రి."

నేను సునంద దిక్కు గర్వంగ చూసిన. "ఎదురుబుట్టయితే కనవడేటియి," అన్నది, అంతే.

కథ అయింది. ఆఁ లక్ష్మీ, చెయ్యి ఇంక దించనే లేదు. ఇప్పుడు మాట్లాడు బిడ్డా.

ఏందీ? మీ అమ్మ మా ఇంటికి పంపిన అప్పడాలా? ఏ సంచిల?

...అచ్ఛా.

అంటే నా మోకాళ్లు మంచిగనే ఉన్నయన్నట్టు. పోండ్రి పిల్లలూ, పోండ్రి, అన్నాలు తినుండ్రి. నేను గూడ పోత, పప్పుల ఈ అప్పడాల పొడి కలుపుకొని తింట.